నాయనమ్మ పట్టుకున్న హంతకులు

మా ఇల్లు రామంతాపూర్‌లో, టీవీ స్టూడియో బస్టాపు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. దూరదర్శన్ కేంద్రాన్ని మా వైపు ఎవరూ ఆ పేరుతో పిలవరు. బస్సు కండక్టర్ దగ్గర్నుంచి కూరగాయల బండాయన దాకా అందరికీ అది టీవీ స్టూడియోనే. మిద్దె ఎక్కితే టవర్ కనిపించేది. వేరే పేటల్లో మా చుట్టాలు యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా, ఇప్పుడొచ్చిందా" అని అరుచుకుంటుంటే మాకు బొమ్మ అద్దంలా వచ్చేది. ఆ టీవీ కూడా మన ఊరిదే, ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ. చెక్క పెట్టె, ముందు జరిపే షట్టర్, పైన అమ్మ అంచు కుట్టిన తెల్ల గుడ్డ.

నాయనమ్మ 1992లో మా దగ్గరికి వచ్చేసింది. భువనగిరి పక్క పల్లె నుంచి, ఒక ట్రంకు పెట్టెతో. అప్పటికి తాత పోయి మూడు నెలలు.

అంతకు ముందు ముప్ఫై ఏళ్లకు పైగా ఆమె గాజులమ్మింది. గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ కాలినడకన తిరిగేది. పండగలు, పెళ్లిళ్లు దగ్గర పడుతుంటే తాతతో కలిసి హైదరాబాద్ వచ్చి, చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో సరుకు కొనుక్కుని, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోయేది. ఎవరింటికి వెళ్లినా గడప మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేవారు. కోడళ్లు, ఆడబిడ్డలు, అత్తలు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపేవారు. తాత పోగానే అదంతా ఒక్కసారిగా ఆగిపోయింది. ముత్తయిదువకు గాజులు వేసే చెయ్యి బోసిగా ఉండకూడదని ఊరి పట్టింపు. ఎవరూ మొహం మీద అనలేదు, పిలవడం మానేశారంతే. నాన్న వెళ్లి తీసుకొచ్చాడు.

పట్నంలో ఆమెకు తోచేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా చెయ్యి పట్టుకుని బొటనవేలి మొదట్లో నొక్కి చూసేది. "రెండు నాలుగు" అనేది. నా గాజు సైజు అది. రెండేళ్ల తర్వాత "రెండు ఆరు అయినవ్ బిడ్డా" అంది. నేను పెద్దదాన్ని అవుతున్నానని ఆ ఇంట్లో అందరికంటే ముందు ఆమెకే తెలిసింది.

1993లో దూరదర్శన్‌లో బ్యోమ్‌కేశ్ బక్షీ మొదలైంది. నాన్నకు డిటెక్టివ్ కథలంటే ప్రాణం. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో కొమ్మూరి సాంబశివరావు నవలలు ఏరుకొచ్చేవాడు. అందులో డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా ఇంట్లో మనుషుల్లాగే ఉండేవారు. 1985లో వచ్చిన కరంచంద్ గురించి కూడా చెబుతుండేవాడు, పంకజ్ కపూర్ క్యారెట్ కొరుకుతూ కేసులు తేల్చేవాడని. నేనప్పుడు పసిపిల్లని, చూసిన గుర్తు లేదు. నా మొదటి డిటెక్టివ్ బ్యోమ్‌కేశే.

నాయనమ్మకు హిందీ ముక్క రాదు. లాడ్ బజార్‌లో బేరమాడేంత ఉర్దూ వచ్చు, అంతే. నాకేమో వీధిలో ఆడుకున్న హిందీ, బడిలో చదివిన హిందీ రెండూ ఉన్నాయి. అలా నేను ఆమెకు చెప్పేదాన్నయ్యాను. ఆమె మంచం మీద, నేను ఆమె కాళ్ల దగ్గర చాప మీద. తెర మీద ఎవరైనా నోరు తెరిస్తే చాలు, నా భుజం మీద వేలు పడేది. "ఏమంటుండు బిడ్డా?"

మొదటి రోజే ఒక మాట దగ్గర ఆగింది. బ్యోమ్‌కేశ్‌కు డిటెక్టివ్ అనే మాట నచ్చదు, తనను తాను సత్యాన్వేషి అని చెప్పుకుంటాడు. బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ 1930లలో ఈ కథలు మొదలుపెట్టినప్పుడే ఆ మాట పెట్టాడు. హిందీ సీరియల్‌లోనూ అదే ఉంచారు. నేను చెప్పబోయేలోగా నాయనమ్మే అందుకుంది. "సత్యం దేవులాడేటాయన. గిది నాకు తెల్సు." అంతసేపు పరాయిగా కూర్చున్న మనిషి ఆ ఒక్క మాటతో ముందుకు జరిగి కూర్చుంది. పైగా బ్యోమ్‌కేశ్ వేసిన రజిత్ కపూర్ ధోవతి కట్టుకుని, నెమ్మదిగా, పెద్దమనిషిలా మాట్లాడతాడు. పక్కన కె.కె. రైనా, స్నేహితుడు అజిత్‌గా. అరుపులు, ఫైటింగులు ఏమీ ఉండవు. బాసు ఛటర్జీ తీసిన తీరే అంత. ఒక గది, నలుగురు మనుషులు, మాటలు. మాటల మధ్య మనం చూసుకోవాలి.

ఆ మొదటి కథలో హంతకుడు హోమియోపతి డాక్టర్. బీదవాళ్లకు మందులిచ్చే మంచివాడిగా కనిపిస్తాడు. నాయనమ్మ చివరిదాకా ఆయన్నే నమ్మింది. అసలు సంగతి బయటపడ్డాక రాత్రి అన్నం సరిగా తినలేదు. "మందిచ్చే చెయ్యితోని గా పనెట్ల చేసిండు?" అని అమ్మను రెండు మూడుసార్లు అడిగింది. అమ్మ ఏం చెబుతుంది?

ఇంకో కథలో రోడ్డు దాటుతున్న మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలిపోతుంటారు, గుండెలో గ్రామఫోన్ సూది దిగి. ఆ సూదిని సైకిల్ బెల్లులో అమర్చిన స్ప్రింగుతో కొడుతుంటాడు హంతకుడు. బెల్లు మోగుతుంది, ఎవరూ అనుమానించరు. ఆ వారం నుంచి మా వీధిలో పాల సైకిలు బెల్లు మోగితే నాయనమ్మ చెయ్యి దానంతటదే కొంగును గుండెల మీదికి లాక్కునేది. పాలాయనకు ఈ సంగతేమీ తెలియదు. "ఏమ్మా, చలిపెడుతుందా?" అని అడిగేవాడు.

నేను రాసుకుంటూ పెన్ను కొరుకుతానని కూడా ఆ సీరియల్ వల్లే తిట్లు పడ్డాయి. సాలెపురుగు విషాన్ని ఎర్ర సిరాలో కలుపుకుని, రాస్తూ రాస్తూ పెన్ను చప్పరించే మనిషి కథ ఒకటుంది. అది చూశాక నా నోట్లో ఎర్ర పెన్ను కనిపిస్తే చాలు, వంటింట్లోంచి కూడా కేకేసేది.

మరుసటి ఏడాది, 1994లో, తహకీకాత్ వచ్చింది. సినిమా దర్శకుడు విజయ్ ఆనంద్ అందులో సామ్ డిసిల్వా, సౌరభ్ శుక్లా అసిస్టెంట్ గోపీచంద్. మేం అదీ వదలకుండా చూశాం. కానీ నాయనమ్మ మనసు ధోవతాయన మీదే ఉండిపోయింది.

అప్పటికి ఆమె చూసే పద్ధతి నాకు అర్థమైంది. నేను మాటలు చెబుతుంటే ఆమె మాటలు వినేది కాదు, మొహాలు కూడా అంతగా చూసేది కాదు. చేతులు చూసేది. గ్లాసు అందించే చెయ్యి, తలుపు తీసే చెయ్యి, చీర కొంగు మెలిపెట్టే చెయ్యి. ఒకసారి అడిగితే అంది: "మొఖం అందరూ కడుక్కొని వస్తరు బిడ్డా. చెయ్యిని ఎవ్వరు సూస్కోరు." గాజు ఎక్కించేటప్పుడు చెయ్యి వదులుగా పెట్టాలి. బిగబట్టిన చేతికి గాజు ఎక్కదు, చిట్లుతుంది. భయంలో ఉన్న ఆడమనిషి చెయ్యి ఎంత చెప్పినా వదులు కాదట. సబ్బు నీళ్లు రాసినా కాదట. పట్టుకోగానే తెలిసిపోయేదట, ఈ ఇంట్లో ఏదో ఉందని.

మా పక్క వాటాలో ఒక సారు ఉండేవారు, గుంటూరు వైపు మనిషి. రామంతాపూర్‌లోనే ఉన్న సెంట్రల్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఉద్యోగం. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. టీవీలో హంతకుడిని చూపించే టవర్, నిజం హంతకుల రక్తపు మరకలు చూసే ల్యాబ్, రెండూ మా పేటలోనే. చిన్నప్పుడు నాకు ఇవి రెండూ ఒకే ఆఫీసు అనిపించేది. బ్యోమ్‌కేశ్ పగలు ల్యాబ్‌లో పనిచేసి సాయంత్రం స్టూడియోకు వెళ్తాడని చెల్లెలికి చెప్పాను కూడా.

సారు ఒక్కోసారి మా టీవీ చూడటానికి వచ్చేవారు. నాయనమ్మను "మామ్మగారూ" అనేవారు. ఆమె ఆయన్ను ప్రశ్నలతో నిలువనిచ్చేది కాదు. కేసుల సంగతులు ఆయన ఎప్పుడూ చెప్పలేదు, పని ఎలా జరుగుతుందో మాత్రం ఓపిగ్గా చెప్పేవారు. మనిషి పోతే పోస్టుమార్టంలో తీసిన భాగాలను చిక్కటి ఉప్పు నీళ్ల సీసాల్లో వేసి పంపుతారని అన్నారు. నాయనమ్మ వెంటనే "తొక్కు పెట్టినట్టేనా?" అంది. "అంతేనండి మామ్మగారూ, చెడిపోకూడదు కదా" అన్నారాయన. కత్తి మీద మరక ఉంటే అది రక్తమేనా అని ముందు చూస్తారట. రక్తమే అయితే మనిషిదా, జంతువుదా అని తేల్చే పరీక్ష వేరే ఉంటుందట. పట్టుబడ్డవాడు కోడిని కోశాననో మేకను కోశాననో అంటాడు కాబట్టి ఆ పరీక్ష చాలా ముఖ్యమట.

ఒకరోజు ఆయన చెప్పిన విషయం నాయనమ్మను పట్టేసింది. సీసా ఏదైనా, గుడ్డ మూట ఏదైనా, దారంతో కట్టి ముడి మీద లక్క కరిగించి ముద్ర వేసి పంపుతారు. అదే ముద్ర అచ్చు విడిగా ఒక కాగితం మీద వేసి జతచేస్తారు. ల్యాబ్‌లో అందుకున్నవాళ్లు ముందు లక్క చూస్తారు. పగిలిందా, మళ్లీ అంటించారా, రెండు ముద్రలూ కలుస్తున్నాయా? అంతా సరిగ్గా ఉంటేనే మూత తీస్తారు. లేకపోతే లోపల ఎంత గొప్ప సాక్ష్యం ఉన్నా కోర్టులో నిలబడటం కష్టం.

నాయనమ్మకు లక్క గురించి ఒకరు చెప్పాలా? లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్ల పక్కన గంటలు గంటలు కూర్చున్న మనిషి. బొగ్గుల కుంపటి మీద లక్క ఎప్పుడు మెత్తబడుతుందో, రాళ్లు ఎప్పుడు అద్దాలో, చల్లారితే ఎంత పెళుసవుతుందో ఆమె సారుకు చెప్పింది. "పగిలిన లక్కను మల్ల అతికిస్తె గీత పడ్తది సారూ. ఎంత పనిమంతుడైనా గీత దాచలేడు. ఎండల పెట్టి ఏటవాలుగ పట్టి సూడాలె." సారు నవ్వకుండా, తలూపుతూ విన్నారు. మరో వారం బజారులో కొన్న సీలు లక్క కడ్డీ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఆమె దాన్ని గోటితో గీకి, వాసన చూసి, "మంచిది కాదు, రంగు ఎక్కువ కలిపిండ్రు" అని తేల్చింది. అయినా ట్రంకు పెట్టెలో దాచుకుంది.

కేబుల్ వచ్చింది. కలర్ టీవీ వచ్చింది. 1998 జనవరి 21న సోనీలో సీఐడీ మొదలైంది.

అప్పుడు ఒక్కో కేసు ఒక్క రోజులో అయిపోయేది కాదు, వారాల పాటు సాగేది. శవం ఒక వారం, అనుమానాలు మరో వారం. ఆ మధ్యలో ఉన్న ఆరు రోజులూ మా ఇంట్లో అదే చర్చ. నాన్నకు ఎప్పుడూ వ్యాపార భాగస్వామి మీదే అనుమానం, ఎందుకంటే యుగంధర్ నవలల్లో అలాగే ఉంటుందని ఆయన నమ్మకం. ఏసీపీ ప్రద్యుమన్‌గా శివాజీ సాటమ్ గాల్లో వేళ్లు తిప్పుతూ "కుఛ్ తో గడ్‌బడ్ హై" అంటే, నేను చెప్పకముందే నాయనమ్మ "ఆఁ, ఉన్నది ఉన్నది" అనేది. సాటమ్ అంతకు ముందు బ్యాంకులో క్యాషియర్‌గా చేశాడని నాన్న ఎక్కడో చదివి చెప్పాడు. "అందుకే లెక్క తప్పితె పట్టుకుంటుండు" అంది. దయాగా వేసిన దయానంద్ శెట్టి తలుపు బద్దలు కొట్టినప్పుడల్లా మాత్రం ఆమెకు నచ్చేది కాదు. "తలుపు ఏం పాపం చేసింది, గొళ్లెం తీయమని అడగొద్దా?" డాక్టర్ సాలుంఖే ల్యాబ్‌లో రంగురంగుల నీళ్లు బుసబుసలాడుతుంటే పక్కింటి సారు కుర్చీలో ఇబ్బందిగా కదిలేవారు. అలా నిమిషంలో ఫలితం రాదని, సీసాలు వరసలో ఉంటాయని, ఒక్కోదానికి నెలలు కూడా పడుతుందని చెప్పేవారు. కానీ సీరియల్ మొదలయ్యే టైముకు అందరికంటే ముందు వచ్చి కూర్చునేదీ ఆయనే.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక రాత్రి. అమ్మ అనపగింజల గుడాలు చేసింది. ఏదో పెద్దింటి కేసు. ఆ రాత్రితో హంతకుడు తేలిపోవాలి. అందరినీ ఒక హాల్లో నిలబెట్టారు. ఏసీపీ ఒక్కొక్కరి ముందు నుంచీ నడుస్తున్నాడు. నా చేతిలో గుడాల గిన్నె అలాగే ఉండిపోయింది. కరెంటు పోయింది.

ఆ చీకట్లో మేం పడిన బాధ ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు. మళ్లీ చూసే దారి లేదు. అయిపోతే అయిపోయినట్టే. నాన్న బయటికెళ్లి వీధంతా పోయిందా అని చూసొచ్చాడు. చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ కొవ్వొత్తి వెతుకుతోంది. నాయనమ్మ గొంతు వినిపించింది. "ఊకోండ్రి. నేను చెప్త." మా వైపు కథను శాత్రం అంటారు. చిన్నప్పుడు నాన్నకు, అత్తలకు ఆమె చెప్పిన శాత్రాలకు లెక్కలేదట. మేం చుట్టూ చేరాం. సారు కూడా లేచి వెళ్లలేదు.

ఆమె సీరియల్ కథ అందుకుంటుందని అనుకున్నాం. మొదలైతే అలాగే పెట్టింది. ఆ పెద్దింటి కోడలు పోలీసులకు నీళ్లిచ్చిందని, ఆ చెయ్యి ఎలా ఉందో చూశారా అని. తర్వాత ఎక్కడ దారి మారిందో మాకు తెలియలేదు. నీళ్లిచ్చిన చెయ్యి వేరే ఊరి కోడలిది అయింది. కొత్తగా పెళ్లయిన పిల్ల. నాయనమ్మ మలారం దింపుకుని గాజులు వేయబోతే చెయ్యి బిగబట్టింది. మణికట్టు దగ్గర నాలుగు వేళ్ల కమిలిన గుర్తులు, ఇటు బొటనవేలిది ఒకటి. ఏమైంది బిడ్డా అని అడిగితే బర్రె పలుపు చుట్టుకుందని చెప్పింది. వెనకాల అత్త నిలబడి ఉంది.

"పలుపు చుట్టుకుంటె గుండ్రంగ గీత పడ్తది. వేళ్లు పడయి" అంది నాయనమ్మ చీకట్లో. "నాకు తెల్సు. నేను ఒక డజను ఏసి, కొసరు గాజు ఏసి, లేసొచ్చిన."

పదిహేను రోజులకు ఆ పిల్ల బావిలో తేలింది. నీళ్లు తోడబోయి జారిపడిందన్నారు. పోలీసులొచ్చారు, పంచనామా రాశారు. ఊరి పెద్దలు నలుగురు సంతకాలు పెట్టారు. నాయనమ్మ కబురు విని ఆ ఊరికి నడిచి వెళ్లింది. వేపచెట్టు కింద పొద్దుగూకే దాకా కూర్చుంది. పోలీసాయన ఆమె ముందు నుంచే రెండుసార్లు నడిచి వెళ్లాడు.

"నన్ను ఎవ్వరు అడగలె" అంది. "గాజులమ్మేదానికి ఏం తెలుస్తదని అనుకున్నరో ఏమో. అడిగితె చెప్దామనే పోయిన. నా అంతట నేను లేసి చెప్పనీకి ధైర్యం సాలలె."

ఎవరూ మాట్లాడలేదు. కొవ్వొత్తి దొరికినట్టుంది, కానీ అమ్మ వెలిగించలేదు.

"వీళ్లు అడుగుతరు బిడ్డా" అంది కాసేపటికి, నా వైపు తిరిగి. "పాలాయనను అడుగుతరు, బట్టలుతికెటామెను అడుగుతరు, గేటు కాడ కూసున్నోన్ని అడుగుతరు. ఏం సూసినవ్, ఎప్పుడు సూసినవ్ అని పక్కన కూసొని అడుగుతరు. గందుకే నాకు మంచిగనిపిస్తది."

కరెంటు గంట తర్వాత వచ్చింది. తెర మీద వేరే ప్రోగ్రాం నడుస్తోంది. మరునాడు కాలేజీలో ఫ్రెండును అడిగితే హంతకుడు ఆ ఇంటి కోడలు కాదని తేలింది. ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ పిల్లను మంచిగ అడగలేదన్నట్టు" అంది. నేను వాదించలేదు.

సారు ఆ రాత్రి గురించి మళ్లీ ఎత్తలేదు. కానీ తర్వాత ఒకసారి డీఎన్ఏ గురించి చెబుతూ ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. మా బస్సు రోజూ హబ్సిగూడలో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ముందు నుంచే వెళ్లేది. అక్కడే లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లో మన దేశంలోనే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను తయారుచేసి, కోర్టు మెట్లెక్కించింది. 1991లో రాజీవ్ గాంధీ హత్య కేసులో, 1995లో ఢిల్లీ తందూరు హత్య కేసులో ఆ పరీక్షే పనికొచ్చింది. గుర్తుపట్టలేనంతగా కాలిపోయిన శరీరం కూడా ఎవరి బిడ్డో చెబుతుంది, తల్లిదండ్రుల రక్తంతో పోల్చి చూస్తారు అని సారు వివరించారు. నాయనమ్మ చాలాసేపు ఊరుకుని, "చెప్పేటోళ్లు లేకపోయినా పీనుగ చెప్తదన్నట్టు" అంది. "చెప్తుందండి. వినేవాళ్లు కావాలి" అన్నారు సారు.

2003 నాటికి నాయనమ్మ చూపు మసకబారింది. ఆపరేషన్ చేయించినా ఒక కన్ను సరిగా రాలేదు. డాక్టర్ల తప్పో, మేం ఆలస్యం చేసిన తప్పో, ఇప్పుడు అనుకుని లాభం లేదు. నేను ఉద్యోగంలో చేరాను. రాత్రి ఆలస్యంగా వచ్చినా సీఐడీ రోజు మాత్రం ముందే వచ్చేసేదాన్ని. ఇప్పుడు నా పని రెట్టింపైంది. మాటలే కాదు, చేతులు కూడా చెప్పాలి. "కోడలు టీ కప్పు పట్టుకుంది నాయనమ్మా. రెండు చేతులతో. కుడి చేతి వేళ్లు కప్పు అంచు మీద కొట్టుకుంటున్నాయి." "ఎడమ చెయ్యి?" "కింద సాసరు పట్టుకుంది, కదలట్లేదు." "ఇంకా సూడు."

అంతకు ముందు నేను అంత శ్రద్ధగా ఏ మనిషినీ చూడలేదు. ఆమెకు చెప్పడం కోసం చూశాను.

2004లో సీఐడీ వాళ్లు ఒక ఎపిసోడ్ మొత్తాన్ని ఒక్క కట్ లేకుండా, ఒకే షాటులో, 111 నిమిషాలు తీశారు. రికార్డుల పుస్తకాల్లోకి ఎక్కింది. కెమెరా గదుల్లోంచి గదుల్లోకి మనుషుల వెంట పోతూనే ఉంటుంది. నేను గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉన్నాను. మధ్యలో గొంతు ఎండిపోతే చెల్లెలు అందుకుంది. చివరికి నాయనమ్మ అడిగింది, "యాడ ఆపకుండ తీసిండ్రా?" అని. అవునన్నాను. చాలా సంతోషపడింది. "శాత్రం గట్లనే చెప్పాలె. నడుమ లేసిపోతె కథ సల్లారిపోతది."

మరుసటి వానాకాలంలో పోయింది. ట్రంకు పెట్టెలో రెండు చీరలు, గాజుల సైజు చూసుకునే ఇత్తడి కడియాల గుత్తి, ఆ సీలు లక్క కడ్డీ దొరికాయి. కడ్డీ ఒక పక్క కాస్త కరిగి ఉంది. ఎప్పుడో ఎండలో పెట్టి చూసుకున్నట్టుంది.

తర్వాత నేను సీఐడీ తప్పకుండా చూశానని చెప్పలేను. వెళ్తూ వస్తూ చూశాను. 2018 అక్టోబరులో, 1547 ఎపిసోడ్ల తర్వాత, ఆపేశారని తెలిసినప్పుడు మాత్రం ఆఫీసులో కాసేపు పని సాగలేదు. 2023 డిసెంబరులో ఫ్రెడ్రిక్స్ వేసిన దినేశ్ ఫడ్నిస్ పోయారు. నాయనమ్మకు ఆ పాత్ర ఎంత ఇష్టమో. దయ్యమంటే భయపడే పోలీసు ఉండటం ఆమెకు ధైర్యంగా అనిపించేది. మరుసటి ఏడు మార్చిలో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని పేపర్లో చూసి, ఆ ఆదివారమే లాడ్ బజార్ వెళ్లి ఒక జత కొనుక్కున్నాను. కొట్టాయన బొటనవేలి మొదట్లో నొక్కి చూడలేదు. సైజు అడిగాడు, చెప్పాను.

అదే 2024 డిసెంబరు 21న సీఐడీ మళ్లీ మొదలైంది. అదే ఏసీపీ, అదే దయా, అదే అభిజీత్. అందరికీ వయసు మీద పడింది, నాకూ పడింది. మా అమ్మాయి ఫోనులో పెట్టుకుని చూస్తుంటే పక్కన చేరాను. దానికి హిందీ నాకంటే బాగా వచ్చు, చెప్పాల్సిన పని లేదు. అపార్టుమెంటులో హత్య. అభిజీత్ వాచ్‌మన్‌ను అడుగుతున్నాడు, రాత్రి ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు అని. అమ్మాయి తెర మీద రెండుసార్లు తట్టి ముందుకు జరపబోయింది. "ఇతన్నెందుకమ్మా ఇంతసేపు అడుగుతారు, అసలు సీన్ తర్వాత ఉంది" అంది.

దాని చెయ్యి పట్టుకుని ఆపాను. మణికట్టు నా గుప్పిట్లోకి సరిగ్గా సరిపోయింది. రెండు ఆరు.

"ఉండనీ" అన్నాను. "ఆయన చెప్పేది విందాం."